మీ జన్యువు మా పట్టికలో లేదు

"ప్రాముఖ్యత తేలని మార్పు." చేతులు దులుపుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన మాట నేను ఏ జన్యు పరీక్ష నివేదికలోనూ చదవలేదు. రక్తం తీశారు, వారాలు ఆగమన్నారు, చివరికి తేల్చినదేమిటయ్యా అంటే, జన్యువులో మార్పు ఉంది గానీ అది జబ్బు తెచ్చేదో కాదో తేలలేదని.

ఒక ఇల్లు ఊహించుకోండి. అమ్మమ్మకు ఇరవై రెండేళ్లకు, తల్లికి పంతొమ్మిదికి, కూతురికి పదిహేనుకు మధుమేహం. ఎవరూ లావు కారు. అమ్మమ్మది రెండో రకమన్నారు, కూతురిది ఒకటో రకమన్నారు, తల్లిది ఎవరికి తోచింది వారు అన్నారు. ముగ్గురిదీ ఒకే జన్యువు చేసిన పని కావచ్చన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. ఈ జాతి జబ్బుకు వైద్యులు పెట్టిన పొట్టి పేరు ఎం.ఓ.డి.వై. దాన్ని విప్పితే 'చిన్నవారికి వచ్చే పెద్దవారి మధుమేహం'. పేరు పెట్టినవారికే వయసు సంగతి తేలినట్టు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ లోపం ఉంటే బిడ్డకు రావడానికి సగానికి సగం అవకాశం. దీనికి కారణమైన మొదటి జన్యువు జీసీకే 1992లోనే దొరికింది. లోపం అందులో ఉంటే చాలామందికి మందే అక్కర్లేదు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే మరో జన్యువులో ఉంటే సాధారణంగా చిన్న మోతాదు సల్ఫొనైలూరియా అనే పాత మధుమేహం మాత్రతో ఏళ్లు గడిచిపోతాయి.

ఇక ఆ కూతురి జన్యు మార్పు అర్జీ పట్టుకుని, ఇదివరకు చూసిన మార్పులన్నీ పట్టికలో రాసిపెట్టుకున్న కౌంటరు ముందు నిలబడిందనుకుందాం.

"ఇంతకుముందు మా పట్టికలో కనబడ్డావా?"

"లేదండీ."

"అయితే అరుదైనదానివి. అరుదైనవాటి మీద మాకు అనుమానం. రాసుకుంటున్నాను."

"మా జనంలో చాలామందికి ఉన్నానేమోనండీ."

"మీ జనం పట్టికలో ఉన్నారా?"

"లేరండీ."

"మరి ఉన్నావని నాకెలా తెలుస్తుంది? సరే, జబ్బు తెచ్చేది నువ్వేనని రుజువేమిటి?"

"ఈ ఇంట్లో జబ్బున్న ముగ్గురిలోనూ ఉన్నాను. జబ్బు లేని మేనమామలో లేను."

"ఒక్క ఇల్లు చాలదు. నీలాంటిదాన్నే ఇంకొక ఇంటి నుంచి పట్టుకురా."

"పరీక్ష చేస్తేనే కదండీ దొరికేది."

"ఆధారం లేకుండా పరీక్ష ఎలా చేస్తారమ్మా?"

"ఆధారం ఎలా వస్తుందండీ?"

"పరీక్షలో."

ఇక్కడితో కౌంటరు మూసేశారు. విరామమట.

ఈ పట్టిక ఎవరితో నిండిందో దాచిన రహస్యమేమీ కాదు. జన్యువుల్లో జబ్బుల ఆనవాళ్లు వెతికే భారీ అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో ఐరోపా మూలాలున్నవారు 2009లో 96 శాతం. 2016 నాటికి 81కి దిగింది. ఈ వేగానికి చప్పట్లు కొట్టాలి కాబోలు. ఎం.ఓ.డి.వై. అనుమానించదగ్గది ఎవరికో లెక్కకట్టే గణన పద్ధతి ఒకటుంది. అదీ ఐరోపా మూలాల రోగుల మీద కట్టిందే. సన్నగా ఉన్నవారికే, చిన్న వయసులోనే రెండో రకం వచ్చే జనం మధ్యకు దాన్ని తెచ్చి, కొలత కుదరలేదని ఆశ్చర్యపోతారు.

వెతికిన చోట దొరకలేదా అంటే, ఎందుకు దొరకదు! కెనడాలోని ఓజీ-క్రీ అనే ఆదివాసీ జనంలో వెతికితే 1999లో హెచ్‌ఎన్‌ఎఫ్1ఏలో వారికే ప్రత్యేకమైన మార్పు బయటపడింది. మెక్సికో మూలాలవారిలో వెతికితే 2014లో అదే జన్యువులో మరొకటి. అది ఉన్నవారికి మధుమేహం ముప్పు సుమారు అయిదు రెట్లు.

నవ్వడం ఇక్కడ ఆపేస్తున్నాను. ఆరు నెలలు నిండకముందే మధుమేహం వచ్చే పసిపిల్లలున్నారు. వారిలో చాలామందికి కారణం కేసీఎన్‌జే11 అనే జన్యువని 2004లో తెలిసింది. అలాంటి 49 మందికి ఇన్సులిన్ బదులు ఆ సల్ఫొనైలూరియా మాత్రే ఇచ్చి చూస్తే 44 మంది సూది మానేశారు. ఇది 2006 నాటి మాట! అయినా నేటికీ పరీక్ష గడప తొక్కని బిడ్డలకు కన్నతల్లులు రోజూ సూది గుచ్చుతున్నారు. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, పక్కనే మందుల అరలో ఆ పాత మాత్ర పడి ఉంటుంది. దీన్ని సమాచార లోపం అంటారా? కళ్లెదుట ఉన్న మనుషుల్ని లెక్కలోకి తీసుకోనివారికి అంత మెత్తని మాట నేనివ్వను.

కూతురి నివేదిక చివర ఇంకొక పంక్తి ఉంది: "కొత్త సమాచారం లభించినప్పుడు పునఃపరిశీలించవచ్చు." ఆ కొత్త సమాచారం ఇన్సులిన్ పెట్టె పట్టుకుని వారి ఎదుటే కూర్చుంది. పేరు రాసుకోకుండానే పంపేశారు.