కోతుల్ని చూసిన మనిషి మాట ఎందుకు వినలేదు?

మొన్న మా మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "మేడమ్, ఫిల్లింగ్ దగ్గర పెట్టిన సెటిల్ ప్లేట్‌లో ఒక్క కాలనీ వచ్చింది. రాయాలా?" మందు సీసాల్లో నింపే చోట గాల్లోంచి పడే సూక్ష్మజీవుల్ని పట్టే పళ్లెం అది; కాలనీ అంటే అందులో పెరిగిన సూక్ష్మజీవుల మచ్చ.

రూల్ ఆమెకు తెలుసు. అక్కడ ఒక్కటి కూడా రాకూడదు. అయినా అడిగిందంటే, రాస్తే తిట్టు పడుతుందన్న భయం అప్పుడే పట్టుకుందన్నమాట. నా మొదటి ఉద్యోగంలో నన్నూ ఒక సీనియర్ "మళ్లీ చెయ్యి, సరిగ్గా వచ్చేదాకా చెయ్యి" అన్నారు. చేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే బెర్నీస్ ఎడ్డీ గురించి రాయాలనిపించింది. 1937 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. 1954లో కట్టర్ కంపెనీ పోలియో టీకాను పరీక్షిస్తుంటే కోతులకు పక్షవాతం వచ్చింది. టీకాలో చచ్చిపోయి ఉండాల్సిన వైరస్ బతికే ఉంది. ఆమె పైవాళ్లకు చెప్పింది. పైవాళ్లు ఆపలేదు. 1955 ఏప్రిల్‌లో ఆ టీకా పిల్లలకు వెళ్లింది. దాదాపు 40 వేల మందికి స్వల్ప పోలియో, 200 మంది దాకా పక్షవాతం, 10 మరణాలు. వైరస్‌ను పెంచిన కణాల ముక్కలు గడ్డకట్టి, లోపలి వైరస్‌కు దాన్ని చంపే ఫార్మాల్డిహైడ్ అందలేదని తర్వాత తేలింది.

అదే ఏడాది టీకాల తనిఖీకి కొత్త విభాగం పెట్టారు. మరి ఆ తర్వాతైనా ఆమె మాట విన్నారా? లేదు. టీకా తయారీకి వాడే కోతి కిడ్నీ కణాల సారాన్ని చిట్టెలుకల్లాంటి హామ్‌స్టర్లకు ఎక్కించి చూస్తే గడ్డలు వచ్చాయి. 1960లో ఆ మాట న్యూయార్క్ సభలో బయటపెట్టినందుకు, ఇకపై అనుమతి లేకుండా మాట్లాడొద్దన్నారు. ఆ గడ్డలకు కారణం ఎస్‌వీ40 అనే కోతి వైరస్ అని తర్వాత రుజువైంది.

ఇది చూపించి టీకాలు వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. ఎస్‌వీ40 వల్ల మనుషుల్లో క్యాన్సర్ పెరిగిందని పరిశోధనలు తేల్చలేదు. నేను మా పిల్లలకు అన్ని టీకాలూ వేయించాను. నా కోపం పరీక్ష చేసిన మనిషి నోరు మూయించిన పద్ధతి మీద.

ఇప్పుడు మనం కణాలను బయోరియాక్టర్లనే పెద్ద ట్యాంకుల్లో పెంచి మందులు తీస్తున్నాం. బ్యాక్టీరియాను ఆపే 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి చిన్న వైరస్ తేలిగ్గా దాటిపోతుంది. 2009లో బోస్టన్‌లో జెన్‌జైమ్ అనే మందుల కంపెనీ ప్లాంటులోని కణాలకు వెసివైరస్ అనే వైరస్ సోకింది. అది మనుషులకు హాని చేసేది కాదు, కానీ కణాలు పెరగడం మందగించి ప్లాంటు ఆపాల్సి వచ్చింది. గాషే అనే అరుదైన జబ్బు ఉన్నవాళ్లకు అక్కడ తయారయ్యే సెరెజైమ్ మందు కొరత వచ్చి, డోసు తగ్గించుకుని బతికారు. బ్యాచ్ ఆగితే నష్టం అనేవాళ్లు ఆ రోగుల్నీ లెక్కలో వేసుకోవాలి.

హైదరాబాద్ దగ్గర మందుల, టీకాల కంపెనీలున్న ఈ జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల ఎంతమంది పిల్లలు మైక్రోబయాలజీ చదివి వస్తున్నారో! ఇంట్లోవాళ్లు "ప్లేట్లు లెక్కపెట్టే పనా?" అంటారు. ప్రొడక్షన్ వాళ్లు "ఎప్పుడిస్తారు రిపోర్ట్?" అంటారు. టెన్షన్ అంతా ఆ చిన్న జీతం మనిషి మీదే. డిస్పాచ్ కోసం ఎదురుచూసే మేనేజర్ చేతిలో ఆమె ఇంక్రిమెంట్ పెట్టకండి, అదొక్కటి చాలు.

ఆ అమ్మాయితో "రాయి, ఇప్పుడే, నా ముందే రాయి" అన్నాను. రాసింది. ఇన్వెస్టిగేషన్ ఇంకా నడుస్తోంది, బ్యాచ్ ఆగి ఉంది.