పీ53 పెంచుకుంటే క్యాన్సర్ రాదా?

"ఒంట్లో పీ53 అనే ప్రోటీన్ తగ్గితేనే క్యాన్సర్ వస్తుంది. పెంచుకుంటే జన్మలో రాదు. ఏనుగులే సాక్ష్యం." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. పీ53 క్యాన్సర్‌ను అడ్డుకుంటుందన్న మాట నిజమే. తేడా అంతా మిగతా మాటల్లోనే ఉంది.

'తగ్గితేనే' అన్న మాట ముందు చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న కణంలో పీ53 ఎప్పుడూ కొంచెమే ఉంటుంది. కణం దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది, వెంటవెంటనే పాడుచేస్తూనే ఉంటుంది. ఎండీఎం2 అనే ఇంకో ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను అతికించి ముద్ర వేస్తుంది. ముద్ర పడ్డదాన్ని కణంలో ప్రోటీన్లను నరికే యంత్రంలాంటి ప్రోటియాజోమ్ ముక్కలు చేసేస్తుంది. ఇదంతా దండగలా కనిపిస్తుంది కానీ కాదు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు పీ53కి ఫాస్ఫేట్లు అతుక్కుని ఎండీఎం2 పట్టు సడలుతుంది. కొత్తగా తయారీ మొదలుపెట్టే పని లేకుండానే పీ53 పోగుపడి కణవిభజనను ఆపుతుంది, లేదంటే ఆ కణాన్నే చంపేస్తుంది. ఎండీఎం2 జన్యువును పనిచేయించేదీ పీ53యే. అంటే తన కళ్లెం తానే తయారుచేసుకుంటుంది!

ఆ కళ్లెం తీసేస్తే? ఎండీఎం2 జన్యువు లేని ఎలుకలు పిండదశలోనే చనిపోయాయి. పీ53 జన్యువునూ తీసేస్తే బతికాయి. 1995 నాటి ప్రయోగాలివి. ఎండీఎం2ను అడ్డుకునే మందులు ఇచ్చిన రోగుల్లోనూ ప్లేట్‌లెట్లు పడిపోవడం పెద్ద సమస్య అయింది.

ఇక 'ఎక్కువుంటే క్యాన్సర్ రాదు' అన్నది అసలే తలకిందుల మాట. జన్యువు చెడి, పనిచేయని పీ53 చాలా కణితుల్లో కుప్పలుగా పేరుకుంటుంది. బయాప్సీ ముక్కలో పీ53ను చూపించే రంగు ముదురుగా కనిపిస్తే డాక్టర్లకు అనుమానం వచ్చేది అందుకే. సైంటిస్టులూ ఇక్కడే బోల్తాపడ్డారు: 1979లో దొరికిన పీ53ను, చెడిపోయిన నకళ్లతో ప్రయోగాలు చేసి, దాదాపు పదేళ్లపాటు క్యాన్సర్ తెచ్చేదనుకున్నారు. దాదాపు సగం క్యాన్సర్లలో ఈ జన్యువు చెడి ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో మాత్రం ఎక్కువగా జన్యువు బాగానే ఉంటుంది. హెచ్‌పీవీ వైరస్ తెచ్చే ఈ6 ప్రోటీనే పీ53ను నాశనం చేయిస్తుంది.

ఏనుగుల సంగతా? వాటికి ఈ జన్యువు నకళ్లు 20 దాకా ఉన్నాయి, చాలావరకు కురచవి. క్యాన్సర్ అరుదు, అంతేగానీ అసలు రాదని కాదు. పైగా అవి పుట్టుకతో వచ్చిన జన్యువులు, తినో తాగో పెంచుకున్నవి కావు. 2002లో రెండు రకాల ఎలుకలను చూశారు. పీ53 అదేపనిగా పనిచేసినవాటికి కణితులు తగ్గాయి, ముసలితనం ముందే వచ్చింది. అదనపు నకలు ఉన్నా మామూలు అదుపులోనే నడిచినవాటికి కణితులు తగ్గాయి, ముసలితనం మాత్రం తొందరపడలేదు.