అక్కి ఒక్కటి కాదు, రెండు జబ్బులు

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఒంటిమీద మంటతో నీటిపొక్కులు గుంపుగా లేస్తే ‘అక్కి’ అనేస్తారు. జేగురుతో సింహం బొమ్మ రాయించుకుంటారు. రెండు మూడు వారాల్లో పొక్కులు ఎండుతాయి, మంచిపేరు జేగురుకు దక్కుతుంది. ఏమీ రాయకపోయినా అవి ఎండేవే.

చిక్కంతా పేరులోనే ఉంది. నడుముకో ఛాతీకో ఒకే పక్కన పట్టీ కట్టినట్టు వచ్చేది హెర్పిస్ జోస్టర్. ఎప్పుడో పోసిన ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాక్కుని మళ్లీ లేస్తుంది. దీనికి పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్‌ను అణిచే మాత్రలు మొదలుపెట్టాలి. జేగురు ఆరేదాకా ఆగితే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. నుదుటిమీదో ముక్కు కొనమీదో వస్తే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

పెదవి అంచున, మర్మాంగాల దగ్గర, పిరుదులమీద వచ్చి, మాని, మళ్లీ దాదాపు అక్కడే లేచేది హెర్పిస్ సింప్లెక్స్. జ్వరానికో ఎండకో ‘మూతి పేలింది’ అంటామే, అదీ ఇదే. ముందు ఆ చోట చిమచిమ, సూదులు గుచ్చినట్టు సలుపు. తర్వాత ఎర్రబడి ఆవగింజంత పొక్కులు. అవి చిట్లి పుండ్లయితే మూత్రం తగిలినప్పుడల్లా భగ్గుమంటుంది. మొదటిసారి జ్వరం, గజ్జల్లో బిళ్లలు కూడా ఉంటాయి.

ఇది చర్మానికి చర్మం తగిలి, ముద్దు వల్ల, సంభోగం వల్ల, నోటితో చేసే సెక్స్ వల్ల అంటుకుంటుంది. మరుగుదొడ్డి వల్ల కాదు. పొక్కు లేని రోజుల్లోనూ వైరస్ బయటికి వస్తుంటుంది. సోకిన చాలామందికి ఆ సంగతే తెలియదు. కొందరికి మొదటి పొక్కు ఏళ్ల తర్వాత రావచ్చు. కాబట్టి ఇవాళ పుండు కనిపించిందని భార్యనో భర్తనో నిన్నటి తప్పుకు నిలదీయడం అన్యాయం. ఈ ఒక్క మాట తెలియక కాపురాలు విరగకూడదు.

సిగ్గుపడి మందుల షాపులో తామర క్రీము కొని రాసేవాళ్లున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు ముదురుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్‌లలో ఈ పుండ్లకు ఎర్ర కిట్ ఉచితంగా ఇస్తారు: ఎసైక్లోవిర్ 400 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, 7 రోజులు. ఇది వైరస్‌ను తుడిచెయ్యదు, ఉద్ధృతిని తగ్గిస్తుంది. మాటిమాటికీ తిరగబెడుతుంటే రోజూ వేసుకునే మోతాదు డాక్టరు రాస్తారు. పైపూత మీద ఆశ పెట్టుకోవద్దు. పొక్కు పచ్చిగా ఉండగానే వెళ్తే అందులోంచి నమూనా తీయొచ్చు. రక్తపరీక్ష ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో చెప్పలేదు. పుండు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ తేలిగ్గా సోకుతుంది కనుక ఆ పరీక్షా చేయించుకోవాలి.

చిమచిమ మొదలైనప్పటి నుంచి చర్మం పూర్తిగా మానేదాకా కలయిక వద్దు. మిగతా రోజుల్లో కండోమ్ ముప్పు తగ్గిస్తుంది, కానీ అది కప్పని చర్మం నుంచి అంటుకోవచ్చు. మూతి పేలిన పెద్దవాళ్లు పసిబిడ్డను ముద్దాడకూడదు. పురిటిబిడ్డకు అది ప్రాణాంతకం కావచ్చు. గర్భిణికి చివరి మూడు నెలల్లో ఈ జబ్బు కొత్తగా సోకితే బిడ్డకు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం. పాతదైనా సరే డాక్టరుకు ముందే చెప్పాలి. నొప్పుల వేళ పుండ్లుంటే సిజేరియన్ చేస్తారు.