వారానికి ఎన్ని గంటలు?

చివరి పరీక్ష పేపరు ఇచ్చేసి హాల్లోంచి బయటికొచ్చినప్పుడు ఏదో ఒకటి అవుతుందనుకున్నాను. పన్నెండేళ్ల బడి అయిపోయింది కదా, ఏడుపొస్తుందనో, గట్టిగా అరవాలనిపిస్తుందనో. ఏమీ కాలేదు. పెన్ను మూత ఎక్కడో పడిపోతే దానికోసం కాసేపు బెంచీల కింద వెతికాను. స్నేహితులు ఫొటోలు దిగుతుంటే నేనూ వెళ్లి నిలబడ్డాను. ఫొటోలో బాగానే నవ్వుతున్నాను.

నిజానికి నా హైస్కూలు అంతకు ఐదు నెలల ముందే అయిపోయింది. జనవరి 1న, రాత్రి పదకొండున్నర దాటాక, చివరి కాలేజీ అప్లికేషన్‌కి సబ్మిట్ నొక్కినప్పుడు. ఆ తర్వాత చదివిందంతా భయంతో చదివిన చదువే. సీటిచ్చిన కాలేజీలు ఆఖరి మార్కులు కూడా పంపమంటాయి. మరీ దిగజారితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ ఒక్క సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చరిత్ర పుస్తకం తెరిచేవాణ్ణి.

ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. తొమ్మిది చోట్ల అప్లై చేశాను. మూడు ఇచ్చాయి, ఐదు కాదన్నాయి, ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది. మే 1 లోపు ఒకదానికి సరే అనాలి, అనేశాను. వెయిట్‌లిస్టు మీద ఆశ ఏమీ లేదు. మెయిల్ మాత్రం రోజూ చూస్తున్నాను.

నా గొడవంతా ఫారంతో.

అమెరికాలో కామన్ యాప్ అని ఒకటుంది. 1975లో 15 కాలేజీలు కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి దరఖాస్తు అది. ఇప్పుడు అందులో వెయ్యికి పైగా కాలేజీలున్నాయి. ఒక్కసారి నింపితే ఇరవై చోట్ల దాకా పంపుకోవచ్చు. ఆలోచన మంచిదే, కాదనను. పేరు, చదువు, తల్లిదండ్రుల వివరాలు గబగబా అయిపోతాయి. తర్వాత యాక్టివిటీస్ అనే పేజీ వస్తుంది. చదువు కాకుండా ఏం చేశావో పది దాకా చెప్పమంటారు. ఒక్కోదాని వివరం 150 అక్షరాల్లో చెప్పాలి, మాటల మధ్య ఖాళీలు కూడా లెక్కే. పక్కన రెండు గడులు: వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు.

నా దగ్గర పది లేవు. కిందామీదా పడితే ఐదు తేలాయి. వాటిలో డిబేట్ క్లబ్బొకటి. నేనక్కడ నోరు తెరిచింది రెండే రెండుసార్లు. మిగతా రోజులు కుర్చీలు సర్దాను. (కుర్చీలు సర్దడాన్ని 'కార్యక్రమ నిర్వహణలో సహకారం' అనొచ్చని అప్పుడే తెలిసింది.)

అక్క నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తూ, "తాతయ్యని చూసుకుంటున్నావు కదరా, అది పెట్టు. దానికీ ఆప్షన్ ఉంది," అంది. నిజంగానే ఉంది. 'కుటుంబ బాధ్యతలు' అని. అది ఎందుకు పెట్టారో నాకు తెలుసు, పెట్టినందుకు గౌరవం కూడా ఉంది. సాయంత్రం తమ్ముణ్ణో చెల్లినో చూసుకోవాల్సిన పిల్లలకి క్లబ్బులెక్కడివి? వాళ్ల కష్టం కూడా లెక్కలోకి రావాలి కదా. సరే అని నొక్కాను. వెంటనే గడి అడిగింది, వారానికి ఎన్ని గంటలు?

స్కూలు నుంచి నేనొచ్చాక అమ్మ వచ్చేదాకా మూడు గంటలు. వారానికి ఐదు రోజులు. పదిహేను. కానీ అందులో తాతయ్య గంటన్నర నిద్రపోతారు. ఆ నిద్ర లెక్కలోకి వస్తుందా? ఆయన అదే కథ నాలుగోసారి చెప్తుంటే నేను ఫోన్ చూస్తూ ఊఁ కొట్టిన సమయం? ఆదివారం ఏడు అరల మాత్రల డబ్బా నింపుతూ, తెల్లది పొద్దున్నా రాత్రా అని ఇద్దరం వాదించుకునే పావుగంట? చివరికి 15 అనే వేశాను. 52 వారాలు. తాతయ్య కుర్చీలోంచి అడిగారు.

"ఏం రాస్తున్నావురా?"

"మీ గురించే తాతయ్యా. మిమ్మల్ని చూసుకుంటున్నానని."

"ఓహో. నాకెన్ని మార్కులేశారు?"

నవ్వేశాం ఇద్దరం. కానీ ఆ ప్రశ్న అప్పటినుంచీ నాతోనే ఉంది.

అసలు దారుణం వ్యాసం దగ్గర. 650 పదాలకి మించకూడదు. ఇచ్చిన ప్రశ్నల్లో దేనికి రాసినా చివరికి అడిగేది ఒక్కటే: నువ్వెవరు? పదిహేడేళ్లకి. నేను తాతయ్య మీద రాశాను. మొదటి చిత్తు తొమ్మిది వందల పదాలొచ్చింది. అందులో ఏమీ జరగదు. సాయంత్రాలు, కిటికీ పక్క కుర్చీ, ఆయన చెప్పే కథలో ప్రతిసారీ మారిపోయే సైకిల్ రంగు, నా విసుగు. అవును, విసుగు గురించే ఎక్కువ రాశాను. ఎందుకంటే ఉన్నది అదే. ఇష్టం లేక కాదు. మూడేళ్లు రోజూ ఒకే గదిలో కూర్చుంటే ఎవరికైనా విసుగొస్తుంది. ఆయనకి నా మీద కూడా వచ్చే ఉంటుంది.

వ్యాసాలు చూసిపెట్టే ఆవిడకి పంపాను. మంచావిడే, నా మేలు కోరే చెప్పారు: "బాగా రాశావు. కానీ నీలో ఏం మార్పొచ్చింది? మలుపేది?"

మలుపు ఒకటుంది. నేను కావాలనే రాయలేదు.

పోయినేడాది ఒకరోజు తాతయ్య బాత్రూంలో జారిపడ్డారు. నేను పక్క గదిలోనే ఉన్నాను, చెవుల్లో హెడ్‌ఫోన్స్. ఎంతసేపు పిలిచారో తెలియదు. పాట మారే సందులో వినపడింది. వెళ్లి లేపాను. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. మోకాలు కమిలింది. అమ్మకి చెప్పొద్దురా అన్నారాయన. నన్ను కాపాడటానికో, తనని తాను కాపాడుకోవడానికో, అడగలేదు.

ఇది వ్యాసంలోకి వచ్చింది. ఎలా వచ్చిందంటే, ఒకరోజు ఆయన పడిపోయారు, నేను చేయి అందించాను, ఆ బరువు నా చేతుల్లో మోసినప్పుడు బాధ్యత అంటే ఏంటో తెలిసింది అని. హెడ్‌ఫోన్స్ తీసేశాను. మొదట ఉంచాను, తర్వాత పదాలు ఎక్కువయ్యాయి. కనీసం తీసేటప్పుడు పదాలు ఎక్కువయ్యాయనే అనుకున్నాను. 648 దగ్గర ఆగింది. అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. పడ్డారు, నిజం. చేయిచ్చాను, నిజం. అన్నీ నిజాలే ఏరుకుని, నేను కాని ఒక కుర్రాణ్ణి తయారుచేశాను. వాడికి ఓపిక ఎక్కువ. వాడికి సీటొచ్చింది.

రికమెండేషన్ లెటర్ల దగ్గరా ఇలాంటిదే ఇంకో తమాషా. టీచర్లు మన గురించి ఉత్తరం రాస్తారు. దాన్ని తర్వాత చూసే హక్కు వదులుకుంటావా అని ఫారం అడుగుతుంది. వదులుకుంటేనే కాలేజీలు నమ్ముతాయని అందరూ చెప్తారు, అందరూ టిక్కు పెడతారు, నేనూ పెట్టాను. నా గురించి నేను రాసింది నమ్మలేను, నా గురించి వేరేవాళ్లు రాసింది చదవలేను.

ఇదంతా మా బాబాయి కూతురి దగ్గర వెళ్లగక్కితే గట్టిగానే చీవాట్లు పెట్టింది. తను ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకుతో సీటిచ్చే పద్ధతిలో చదివింది. "నిన్ను కనీసం అడిగారురా, నువ్వెవరని. నేను గుండ్రాలు నింపాను, నంబరొచ్చింది, అప్పటినుంచీ మన చుట్టాల్లో నా పేరు ఆ నంబరే." తనకి ఏం చెప్పను? చైనాలో గావోకావో అనే ప్రవేశపరీక్షకి 2024లో 1 కోటీ 34 లక్షల మంది పేర్లిచ్చారు. అంతమంది కథలు కూర్చుని ఎవరు చదువుతారు? అమెరికాలో కాలేజీ సీట్లకి రాసే ఎస్ఏటీ అనే పరీక్ష మొట్టమొదటిసారి 1926లో పెట్టినప్పుడు రాసింది సుమారు ఎనిమిది వేల మంది. నంబరుకి జాలి ఉండదు, నిజమే. కానీ నంబరు ఎవరి తాతయ్యనీ అడగదు. ఆ రోజు నాకు గుండ్రాలు నింపేవాళ్ల మీద అసూయే వేసింది. తనకి చెప్పలేదు, కొట్టేది.

బ్రిటన్ వాళ్లు ఈ మధ్య చేసిన మార్పు నాకు నచ్చింది. అక్కడ యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా అప్లై చేసేవాళ్లు ఇన్నాళ్లూ 4,000 అక్షరాల్లో ఒకే పెద్ద వ్యాసం రాసేవారు. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కోర్సే ఎందుకు చదవాలనుకుంటున్నావు, నీ చదువు దానికి నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఇంకేం చేశావు. చూడండి, ఎంత మర్యాదైన ప్రశ్నలో. లెక్కలు ఎందుకు ఇష్టమని నన్నడిగితే నిజంగా చెప్పగలను. రాత్రంతా చెప్పగలను. నువ్వెవరని అడిగితేనే వేషం కట్టాల్సి వస్తుంది.

లెక్కలంటే గుర్తొచ్చింది. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు సరిగ్గా ఈ సీట్ల గొడవనే లెక్కగా తీసుకున్నారు. విద్యార్థులు తమకిష్టమైన వరసలో కాలేజీలు రాస్తారు, కాలేజీలు తమ వరస రాస్తాయి. ప్రతి విద్యార్థీ ముందు తన మొదటి ఇష్టం దగ్గరికెళ్తాడు. కాలేజీ తనకి నచ్చినవాళ్లని తాత్కాలికంగా ఉంచుకుని మిగతావాళ్లని పంపేస్తుంది, పంపేసినవాళ్లు తర్వాతి ఇష్టానికి వెళ్తారు. అంతకన్నా తగినవాళ్లొస్తే ఉంచుకున్నవాళ్లు కూడా కదలాల్సిందే. ఎవరూ కదలనప్పుడు ఆట ముగుస్తుంది. దీంట్లో గొప్ప సంగతి తర్వాత రుజువైంది. విద్యార్థుల వైపు నుంచి ఇలా నడిపితే, ఇష్టాన్ని దాచి వేరే వరస రాసినవాడికి ఒరిగేదేమీ లేదు. నిజం చెప్పినా నష్టం లేని పద్ధతి! 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి షాప్లీకీ, ఆల్విన్ రోత్‌కీ వచ్చింది ఇలాంటి పనికే. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నేనున్న ఆటలో నిజం చెప్పడానికి కూడా లెక్కలేసుకోవాలి. ఎర్లీ డెసిషన్ సంగతే చూడండి. నవంబరులోనే ఒక్క కాలేజీకి, ఇస్తే కచ్చితంగా చేరతానని మాటిచ్చి అప్లై చేయాలి. అలా మాటిస్తే చాలా చోట్ల సీటు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఎవరు ఎంత స్కాలర్‌షిప్ ఇస్తారో పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిన ఇంటి పిల్లవాడు అలా మాటెలా ఇస్తాడు? నాకు మొదటి ఇష్టం ఒకటుండేది. నాన్న, నేను ఒక సాయంత్రం కాగితం మీద అంకెలు వేసుకున్నాం. నాన్న ఏమీ అనలేదు. "నువ్వే చూడు" అన్నారు. చూసి, మామూలుగానే అప్లై చేశాను. కాదన్న ఐదింటిలో అదొకటి. ముందే మాటిచ్చి ఉంటే వచ్చేదా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నాన్న ముందు అనను.

పోయిన వారం తాతయ్య ఆ వ్యాసం చదివి వినిపించమన్నారు. ఇంగ్లీషులో రాసింది కదా, తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పడిపోయిన ఘట్టం దగ్గర గొంతు కాస్త తడబడింది, దగ్గి సర్దుకున్నాను. అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగుందిరా. ఆ కుర్రాడు మంచివాడిలా ఉన్నాడు," అన్నారు. కాసేపాగి, "చెవుల్లో అవి పెట్టుకున్నట్టు రాయలేదేం?" అని అడిగారు.

ఆయనకి తెలుసని నాకు తెలియదు.

పదాలు ఎక్కువయ్యాయని చెప్పాను. తలూపి మళ్లీ సైకిల్ కథ మొదలుపెట్టారు. ఈసారి సైకిల్ ఆకుపచ్చది.

ఆ ఫారంలో ఇంకో చిన్న గడి సంగతి చెప్పలేదు కదూ. ప్రతి యాక్టివిటీ కిందా ఉంటుంది. కాలేజీలో కూడా ఇలాంటిది కొనసాగించాలనుకుంటున్నావా, అవునా కాదా? డిబేట్‌కి అవునన్నాను, శుద్ధ అబద్ధం. తాతయ్య దగ్గర చాలాసేపు ఆగాను. చేరబోయే కాలేజీ విమానంలో వెళ్లాల్సినంత దూరం. సాయంత్రం ఆ మూడు గంటలు ఎవరుంటారో ఇంట్లో ఇంకా ఎవరమూ మాట్లాడుకోలేదు. అక్క ఉద్యోగం వేళలు మారతాయేమో చూస్తానంటోంది.

కాదు అని నొక్కాను.