రెండు స్కోపులు, ఒకే గడియారం

మూడు ఫేజుల మోటారు డ్రైవ్ ఒకటి బల్ల మీదికి వచ్చిందనుకోండి. మూడు వోల్టేజీలు, మూడు కరెంట్లు, డ్రైవ్ లోపలి డీసీ బస్ వోల్టేజీ, దాని ఎలక్ట్రానిక్ స్విచ్చును వేసే ఒక గేట్ పల్స్. లెక్క ఎనిమిదికి వచ్చింది. వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపే మన ఆసిలోస్కోపుకేమో ఛానెళ్లు నాలుగే, అంటే ఒకేసారి నాలుగు సిగ్నళ్లే చూడగలం. విశాఖ కాలేజీ ల్యాబుల్లో, ఆటోనగర్ షెడ్లలో నేను చూసినవి ఎక్కువగా రెండు, నాలుగు ఛానెళ్లవే. ఎనిమిది ఛానెళ్లవి మార్కెట్లో ఉన్నాయి కానీ, ధర విన్నాక చాలామంది మళ్లీ ఆ మాట ఎత్తరు. ముందు నాలుగు కొలిచి, ప్రోబులు మార్చి, తర్వాత మిగతా నాలుగు కొలుస్తారు. నిలకడగా తిరిగే మోటారుకైతే అలా నడుస్తుంది. రోజుకోసారి వచ్చి ట్రిప్ చేసి పోయే ఫాల్టుకు నడవదు. నిన్న చూసిన ఫాల్టూ ఇవాళ చూసిన ఫాల్టూ ఒకటేనని ఎవరు హామీ ఇస్తారు?

పక్క బల్ల మీద ఇంకో నాలుగు ఛానెళ్ల స్కోపు ఖాళీగానే ఉంటుంది. రెండూ కలిపితే ఎనిమిది. కాకపోతే కలపడమంటే ఒక కేబుల్ తగిలించడమే అనుకుంటున్నాం, చిక్కంతా అక్కడే వస్తోంది. రెండు పెట్టెలూ ఒకే కాలాన్ని చూడాలి. ఆ ఏర్పాటు చేసుకుని, ఇంకా ఎంత తేడా మిగిలిందో అంకెల్లో రాసి పెట్టుకున్న ల్యాబు, కొత్త స్కోపు మంజూరు కోసం ఏళ్లు కాచుకుని కూర్చోనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది ఒక రాత్రి షెడ్డులో. మొదటి స్కోపు మీద గేట్ పల్స్, రెండో దాని మీద కరెంటు. స్కోపు తన రికార్డుకు సున్నా క్షణాన్ని పెట్టుకునే సంకేతమే ట్రిగ్గర్. మొదటి దాని వెనక ఉన్న ట్రిగ్గర్ అవుట్ నుంచి రెండో దాని ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు రెండు మీటర్ల బీఎన్‌సీ కేబుల్. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూస్తే, గేట్ పల్స్‌కు 150 నానోసెకన్ల ముందే కరెంటు లేచింది. స్విచ్చు వేయకముందే లైటు వెలిగినట్టు! "సార్, అవతలి స్విచ్చు లీకవుతోందేమో" అన్నాడు మా కుర్రాడు. నాకూ నిజమే అనిపించింది. రెండు గంటలు కష్టపడి, బాగున్న ఐజీబీటీ మాడ్యూల్‌ను, అంటే డ్రైవ్‌లోని ఆ ఎలక్ట్రానిక్ స్విచ్చులనే, విప్పి పక్కన పెట్టాం.

డ్రైవ్‌లో ఏ తప్పూ లేదు. స్కోపు ట్రిగ్గర్ అయిన క్షణానే దాని అవుట్ పల్స్ బయటికి రాదు, లోపల కొంత ఆలస్యం ఉంటుంది. కేబుల్లో ఇంకాస్త. మామూలు కోయాక్సియల్ కేబుల్లో సిగ్నల్‌కు మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. కాబట్టి రెండో స్కోపు తన సున్నాను ఆలస్యంగా పెట్టుకుంటుంది, దాని మీద కనిపించేదంతా ఎడమకు జరిగి, ముందే జరిగినట్టు తోస్తుంది. తర్వాత ఒకే పల్స్‌ను చీల్చి, సమాన పొడవున్న రెండు కేబుళ్లతో రెండు స్కోపులకూ ఇచ్చి చూశాం. తేడా 340 నానోసెకన్లు. అందులో కేబుల్ వాటా పదే. అంటే కరెంటు నిజానికి గేట్ పల్స్ తర్వాత 190 నానోసెకన్లకు లేచింది. ఐజీబీటీ చక్కగా తన పని తాను చేసింది.

ఈ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే తీసివేతతో పోతుంది. కానీ ప్రతి ట్రిగ్గర్‌కూ కొద్దికొద్దిగా మారే జిట్టర్ కూడా ఉంటుంది. దానికి నాకు నచ్చిన ఉపాయం, ప్రతి స్కోపులోనూ ఒక ఛానెల్‌ను ఒకే సిగ్నల్‌కు కేటాయించడం. కొలిచిన ప్రతిసారీ ఆ అంచు దగ్గర రెండు రికార్డులనూ పేర్చుకోవచ్చు. రెండు స్కోపులతో ఎనిమిది బదులు ఏడు వేర్వేరు సిగ్నళ్లే దక్కుతాయి, మూడింటితో పది. మన డ్రైవ్‌కు ఒకటి తగ్గిందని బెంగ అక్కర్లేదు. న్యూట్రల్ తీగ లేని మోటారులో మూడు కరెంట్ల మొత్తం సున్నా, రెండు కొలిస్తే మూడోది లెక్కలో వచ్చేస్తుంది.

ఇక గడియారాల నడక. విశాఖలోని గాజువాక వాళ్లకు ఇది ఇంటి పక్క కథే. 2013 డిసెంబరు 31 వరకు దక్షిణాది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ వేరు, తూర్పు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ వేరు. రెండూ 50 హెర్ట్జ్ దగ్గర్లోనే ఉన్నా, ఒకదాని అడుగు ఇంకోదానితో పడేది కాదు. గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్ ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చి ఇటు నుంచి అటు కరెంటు పంపేది. 500 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు, ఒకటి 1999లో, ఇంకోటి 2005లో వచ్చాయి. కరెంటు చేరేది కానీ అడుగులు మాత్రం కలవలేదు. ఆ డిసెంబరు ఆఖరి రోజున రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిశాకే అందరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ అయింది.

ట్రిగ్గర్ కేబుల్ ఒక్కటే వేసి కలిపిన స్కోపులూ అంతే. మొదలైన క్షణం ఒకటే, ఆ తర్వాత ఎవరి గడియారం వారిది. చవక స్కోపుల టైమ్‌బేస్, అంటే లోపలి గడియారం, తప్పు పది లక్షలకు 25 వంతుల వరకు ఉండొచ్చు. రెండూ చెరోవైపు తప్పితే 50. ఇరవై మిల్లీసెకన్ల రికార్డులో అది ఒక మైక్రోసెకను. సెకను పొడుగునా రికార్డు చేస్తే 50 మైక్రోసెకన్లు. 50 హెర్ట్జ్ తరంగంలో అది ఒక డిగ్రీ కన్నా తక్కువే, పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. స్విచ్చును సెకనుకు 20 వేలసార్లు వేసి తీసే 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎంలో మాత్రం సరిగ్గా ఒక పూర్తి సైకిల్! రికార్డు చివర్లో మీరు ఒక సైకిల్ గేట్ పల్స్‌ను పక్క సైకిల్ కరెంటుతో పోల్చి చూస్తుంటారు.

మందు కొన్ని స్కోపుల వెనకాలే ఉంది, ఒకదాని గడియారాన్ని ఇంకోదానికి అందించే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ సాకెట్. ఒకదాని అవుట్ నుంచి ఇంకోదాని ఇన్‌కు కేబుల్ వేసి, మెనూలో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ ఎంచుకోవాలి. ఆ మెనూ మార్చడమే చాలామంది మరిచిపోతారు. సాకెట్ లేని స్కోపులైతే, ఇందాక చెప్పిన ఉమ్మడి ఛానెల్లో రికార్డు మొదట్లో ఒక అంచు, చివర్లో ఒక అంచు ఉండేలా చూసుకుంటే కంప్యూటర్లో ఆ జారుడును సరిచేయొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. స్కోపు ప్రోబుల గ్రౌండ్ క్లిప్పులన్నీ లోపల ఒకటే, అవి ప్లగ్గులోని ఎర్త్ పిన్నుతో కలిసి ఉంటాయి. 415 వోల్టుల సప్లై మీద నడిచే డ్రైవ్‌లో డీసీ బస్ దాదాపు 587 వోల్టులు. ఆ బస్ నెగెటివ్‌కు క్లిప్ తగిలిస్తే నేరుగా షార్ట్. దీన్ని తప్పించుకోవడానికి ఎర్త్ పిన్ పీకేసి స్కోపును తేల్చి వాడే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. అలా తేల్చిన స్కోపు రేకు డబ్బా మొత్తం లైవ్ అవుతుంది. పక్క దాన్ని కూడా తేల్చి బీఎన్‌సీ కేబుల్‌తో కలిపారంటే, ఆ కేబుల్ పై తొడుగు గుండా రెండో డబ్బాకూ అదే వోల్టేజీ పాకుతుంది. దాని నాబ్ తిప్పడానికి చెయ్యి చాపిన కుర్రాడికి ఆ సంగతి తెలియదు. ఎర్త్‌కు తగిలించకుండానే రెండు బిందువుల మధ్య వోల్టేజీ కొలిచే డిఫరెన్షియల్ ప్రోబులు కొనండి. అవి లేకపోతే ఆ కొలత ఆపేయండి.

చిన్న జాగ్రత్త ఇంకోటి. ముందు రెండో స్కోపును సింగిల్‌లో, అంటే ఒక్కసారి పట్టి ఆగిపోయేలా, పెట్టి సిద్ధం చేయాలి, ఆ తర్వాతే మొదటిదాన్ని. తిరగేసి చేస్తే మొదటిది పట్టిన ఫాల్టు రెండోదానికి చిక్కదు.

అన్నిటికీ ఇదే దారి అనను. గిగాహెర్ట్జ్ సిగ్నళ్ల పనికి, పికోసెకన్లు లెక్కపెట్టే చోట, ఇలా జత చేసిన స్కోపులు పనికిరావు. గేట్ పల్స్‌లు ఉన్నాయో లేవో చూడటానికైతే మిక్స్‌డ్ సిగ్నల్ స్కోపులోని డిజిటల్ ఛానెళ్లు చాలు. కానీ మన ఊరి పనులు చాలావరకు వీటి మధ్యలో ఉన్నాయి. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. హైడ్రోఫోన్ల (నీటిలో శబ్దం పట్టే మైకుల) వరుసతో కొలిచేవాళ్లకు ఒక మైక్రోసెకను తప్పంటే దూరంలో ఒకటిన్నర మిల్లీమీటరు. జత చేసిన స్కోపులు అంతకన్నా ఎంతో బాగా ఇవ్వగలవు.

నాకు బాధగా ఉన్నది మన ల్యాబుల పద్ధతి. ఒక ప్రయోగానికి ఒక స్కోపు, రికార్డు పుస్తకంలో సంతకం, సాయంత్రం బీరువాకు తాళం. నాలుగేళ్లు చదివిన పిల్లలకు రెండు స్కోపులను ఒకే బల్ల మీద పెట్టుకునే అవకాశమే రాదు. ఒక మధ్యాహ్నం చాలు: ఒక పల్స్ జనరేటర్, టీ కనెక్టర్, సమానమైన రెండు కేబుళ్లు. తేడా కొలిచి, కేబుల్ పొడవు మార్చి మళ్లీ కొలిచి, మీటరుకు ఐదు నానోసెకన్లు వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి.

ఆ రాత్రి తర్వాత మా కుర్రాడు రెండో స్కోపు నెత్తిన ఒక కాగితం ముక్క అంటించాడు. దాని మీద "340, కేబుల్ 2 మీటర్లు" అని రాశాడు. కేబుల్ మార్చినప్పుడల్లా ఆ అంకె కొట్టేసి కొత్తది రాస్తున్నాడు.