ఒకే నగ్గెట్, రెండు లెక్కల ఉప్పు

మెక్‌డొనాల్డ్స్ చికెన్ నగ్గెట్స్ లండన్‌లో తిన్నా న్యూయార్క్‌లో తిన్నా ఒకటే అనుకుంటాం. పేరు అదే, డబ్బా అదే. కానీ 2012లో కెనడా మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆరు దేశాల్లో ఆరు పెద్ద ఫాస్ట్‌ఫుడ్ చైన్లు తామే ప్రకటించిన లెక్కలను పక్కపక్కన పెట్టి చూసింది. బ్రిటన్‌లో అమ్మే నగ్గెట్స్‌లో 100 గ్రాములకు 0.6 గ్రాముల ఉప్పు ఉంటే, అమెరికాలో అమ్మేవాటిలో 1.6 గ్రాములు ఉంది. రెండున్నర రెట్లకు పైమాటే. పెద్దవాళ్లు రోజు మొత్తంలో 5 గ్రాముల లోపే ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఉప్పు తగ్గించమని ఎవరైనా అడిగితే ఆహార కంపెనీలు చెప్పే జవాబు ఒకటుంది: తయారీలో సాంకేతిక ఇబ్బందులు వస్తాయి, టైం పడుతుంది అని. ఒక దేశంలో ఇప్పటికే తక్కువ ఉప్పుతో చేసి అమ్ముతున్న కంపెనీ ఇంకో దేశంలో ఈ మాట అంటే ఎలా నమ్మడం? అక్కడి జనం నాలుక అలాంటిది అన్న వాదన కూడా నాకు ఎక్కదు. బ్రిటన్ ప్రభుత్వం ఉప్పు తగ్గింపునకు లక్ష్యాలు పెట్టి కంపెనీల వెంటపడింది. బ్రిటిష్ వాళ్లు చప్పిడి తిండి కోరుకోవడం వల్ల వచ్చిన తేడా కాదిది. పైగా కొనేవాడి చేతిలో ఏమీ లేదు. ఫ్రైస్ మీద ఉప్పు చల్లొద్దని కౌంటర్లో చెప్పొచ్చు. నగ్గెట్స్‌లో అది ఫ్యాక్టరీలోనే మాంసంలోకి, పై పిండిలోకి వెళ్లిపోయి ఉంటుంది.

ట్రాన్స్ ఫ్యాట్ కథ ఇంతకన్నా ఘోరం. నూనెను హైడ్రోజన్‌తో కొంత గట్టిపరిస్తే వచ్చే కొవ్వు ఇది. మన డాల్డా ఆ జాతిదే. చవక, త్వరగా చెడిపోదు, మూకుడులో ఎక్కువ కాలం నిలుస్తుంది, గుండెకు మాత్రం చేటు. డెన్మార్క్ పరిశోధకులు రకరకాల దేశాల్లో మెక్‌డొనాల్డ్స్, కేఎఫ్‌సీల నుంచి ఫ్రైస్, చికెన్ పెద్ద సైజు కొని పరీక్ష చేయించి, 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వేశారు. డెన్మార్క్‌లో ఆ భోజనం మొత్తంలో ట్రాన్స్ ఫ్యాట్ 1 గ్రాము కూడా లేదు. న్యూయార్క్ మెక్‌డొనాల్డ్స్‌లో సుమారు 10 గ్రాములు, హంగేరీ కేఎఫ్‌సీలో సుమారు 24. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 2.2 గ్రాములు దాటకూడదన్న పదార్థం ఇది! డెన్మార్క్‌లో వంటవాళ్లేమీ మహానుభావులు కాదు. కొవ్వులో 2 శాతానికి మించి ట్రాన్స్ ఫ్యాట్ ఉండకూడదని అక్కడ 2003లోనే చట్టం వచ్చింది. ఐరోపా సమాఖ్య అంతటా అదే పరిమితి రావడానికి 2021 దాకా పట్టింది.

కంపెనీ తలుచుకుంటే వంటకం ఎంత సులువుగా మారుతుందో భారతీయులకు తెలియనిది కాదు. 1996లో ఢిల్లీలో తొలి దుకాణం తెరిచినప్పుడే మెక్‌డొనాల్డ్స్ బీఫ్, పోర్క్ రెండూ పక్కన పెట్టింది. శాకాహారానికి వంటగదిలో విడి ఏర్పాటు చేసింది. అదే కంపెనీ అమెరికాలో మాత్రం వేపుడుకు బీఫ్ కొవ్వు మాని వెజిటబుల్ ఆయిల్‌కి మారాక కూడా ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ కొనసాగించింది. 2001లో హిందువులు, శాకాహారులు కోర్టుకెక్కితే మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అయినా అక్కడి ఫ్రైస్ పదార్థాల జాబితాలో ఆ ఫ్లేవర్ ఇప్పటికీ ఉంది. ఆలుగడ్డే కదా అని ధీమాగా తినేసే మన పిల్లలు అమెరికా వెళ్లగానే చదవాల్సిన జాబితా అది. మతం విషయంలో వ్యాపారం పోతుందని భయపడి కంపెనీ ముందే జాగ్రత్తపడుతుంది. ఆరోగ్యం దగ్గరకొచ్చేసరికి ఆ తొందర కనపడదు, చట్టం వచ్చి నెట్టాలి.

మన దగ్గర చట్టం కొంత నెట్టింది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అదే సంస్థ మెనూ బోర్డుల మీద కేలరీలు రాయించింది. నా గొడవ ఈ రెండోదానితోనే. ఉప్పుకు కేలరీలే లేవు. ట్రాన్స్ ఫ్యాట్ అయినా మంచి నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. అంటే పైన చెప్పిన రెండు తేడాల్లో ఏదీ ఆ బోర్డు మీద కనిపించదు. లండన్ నగ్గెట్, న్యూయార్క్ నగ్గెట్ కేలరీల్లో కవలల్లా ఉండొచ్చు. మిగతా పోషకాల వివరాలు అడిగితే ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ వెనక పదిమంది క్యూలో ఉండగా ఉప్పు ఎంత అని అడిగేదెవరు?

కేలరీల పక్కన ఉప్పు గ్రాములు కూడా రాయమనడం పెద్ద కోరికేం కాదు. ఆ లెక్క కంపెనీల దగ్గర ఇప్పటికే ఉంది. రాస్తే అది విదేశీ బర్గర్లతోనే ఆగదు. పదీ అంతకుమించి చోట్ల బ్రాంచీలున్న ఏ హోటల్‌కైనా బోర్డు నిబంధన వర్తిస్తుంది. అంటే హైదరాబాద్, విజయవాడల్లో బ్రాంచీ మీద బ్రాంచీ తెరుస్తున్న మన బిర్యానీ, టిఫిన్ చైన్లు కూడా తమ ఉప్పు లెక్క బయటపెట్టాల్సి వస్తుంది.