ఇల్లు విడిచిన పిల్లలు తిరిగొచ్చాక

ఇల్లు విడిచి వెళ్లిన పిల్లలు తిరిగి గడప తొక్కిన రాత్రి, మన ఇళ్లలో తరచూ విచారణ మొదలవుతుంది. ఎక్కడికెళ్లావు, ఎవరితో వెళ్లావు, మా పరువేం కాను? ఈ తీరు మారాలి. తనని ఎవరూ లెక్కచేయడం లేదని వెళ్లిపోయిన పిల్లకి, తిరిగొచ్చాక కూడా ముందు పరువు మాటే వినబడితే తను అనుకున్నదే నిజమని ఖాయమవుతుంది. రెండోసారి వెళ్లడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ప్రేమకి లోటు లేని ఇంట్లోనూ ఇలా జరుగుతుంది. పెద్దపిల్ల తమ్ముణ్ణి చూసుకుంటుంది, తాతయ్యకి వేళకి మందులిస్తుంది. ఆ సంగతి ఎవరి నోటా రాదు. పరీక్షలో 92 మార్కులొస్తే మాటంతా పోయిన 8 గురించే. పొడి పొడిగా "గుడ్ జాబ్" అంటే ఆ వెలితి తీరదు. ఏం చేసిందో, దానివల్ల మీకేం ఒరిగిందో ఆరోజే చెప్పండి: "నువ్వు తమ్ముణ్ణి నిద్రపుచ్చావు కాబట్టి నేను గంటసేపు నడుం వాల్చగలిగాను." అక్కడితో ఆగాలి. వెంటనే "కానీ" అన్నారంటే పిల్లల చెవికెక్కేది దాని తర్వాతి మాటే.

"నేను లేకపోతే మీకు హాయి" అన్న మాటని అలకగా కొట్టిపారేయొద్దు. బ్యాగులోకి బట్టలు, ఛార్జర్, గుర్తింపు కార్డులు చేరుతున్నాయేమో గమనించండి. ఇష్టమైన వస్తువులు స్నేహితులకి పంచేస్తుంటే అది ఆత్మహత్య ఆలోచనకి సూచన కూడా కావచ్చు. ఆరోజే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కర్లేదు.

పిల్లలు కనబడకపోతే ముందు ఇల్లంతా వెతకండి: అల్మారాలు, మంచాల కింద, కారు డిక్కీ. లేరని తేలగానే పోలీసులకి ఫోన్ చేయండి. 24 గంటలు ఆగాలన్నది ఒట్టి అపోహ. అమెరికాలో అలా ఆపడాన్ని 1990లోనే కేంద్ర చట్టం నిషేధించింది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఫిర్యాదు అందిన 2 గంటల్లో వివరాలు ఎన్‌సీఐసీ అనే జాతీయ డేటాబేస్‌కి ఎక్కాలి. ఎక్కించారా అని అడగండి, కేసు నంబరు రాసుకోండి. అక్కడ ఇల్లు విడిచిన పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1-800-786-2929కి పిల్లలూ పెద్దలూ ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఇలాంటి సాయానికే యూరప్‌లో చాలా దేశాల్లో 116000, భారత్‌లో 1098 ఉన్నాయి.

పోలీసులు చూసేదాకా గది సర్దొద్దు, దుప్పట్లు ఉతకొద్దు, కంప్యూటర్ ముట్టుకోవద్దు. ఇటీవలి ఫొటో, వేసుకున్న బట్టల వివరాలు సిద్ధంగా పెట్టండి. ఇన్‌హేలరో ఇన్సులినో ఇంట్లోనే వదిలి వెళ్తే ఆ సంగతి మొదటే చెప్పండి, వెతికే తొందర మారుతుంది.

ఆగకుండా ఫోన్ చేస్తే బ్యాటరీ అయిపోతుంది, లేదంటే విసిగి ఫోన్ ఆపేస్తారు. ఒక్క మెసేజ్ చాలు: "నీమీద కోపం లేదు. క్షేమమని ఒక్క మాట పంపు. ఎక్కడున్నా వచ్చి తీసుకెళ్తాం."

తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఫొటో పెట్టేయడం మాత్రం తొందరపాటు. ఆ ఫొటోని మళ్లీ వెనక్కి తీసుకోలేం. రేపు పండగ సభకి వస్తే అందరి చూపులూ ఆ పిల్లమీదే ఉంటాయని తెలిస్తే, తిరిగి రావడమే బరువవుతుంది. స్నేహితుల తల్లిదండ్రులకీ ఆటల కోచ్‌కీ చెప్పండి, బహిరంగ ప్రకటన సంగతి పోలీసులతో మాట్లాడి తేల్చండి. పరువుకి జంకి పోలీసులకే చెప్పకపోవడం ఇంతకంటే పెద్ద తప్పు.

తిరిగొచ్చిన రాత్రి అన్నం, స్నానం, నిద్ర. దెబ్బలుంటే, ఒంట్లో బాగోకపోతే ముందు డాక్టర్. శిక్షగా ఫోన్ లాక్కోవద్దు. వచ్చినట్టు పోలీసులకి చెప్పి, డేటాబేస్‌లోంచి పేరు తీయించండి. మర్నాడు మీలో ఒక్కరే పిల్లతో కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: "మాకు చెప్పాలనుకుని చెప్పలేకపోయిందేమిటి?" మధ్యలో అడ్డుపడొద్దు, సమర్థించుకోవద్దు. చెప్పినవాటిలో ఒక్కటైనా ఆ వారంలోనే మారిందని కనబడాలి.

దెబ్బలకో వేధింపులకో తాళలేక వెళ్లిన పిల్లల విషయం వేరు. రాజీ చేయమని పిలిచినప్పుడు మన సంఘ పెద్దలు ఎక్కువగా తల్లిదండ్రుల మాట విని, "సర్దుకుపో అమ్మా" అని పిల్లని ఆ ఇంట్లోనే దింపేసి వస్తారు. ముందు పిల్లతో విడిగా మాట్లాడాలి. భయపడుతోందని తెలిస్తే రాజీ మాటలు ఆపి, అక్కడి బాలల సంరక్షణ అధికారులకి ఫోన్ చేయాలి.